పరదేశపు మొక్కలు, ద్వీపపు తోట

ప్రోతరాపూర్ అనే పేరు తొలిసారి విన్నవానికి అది ఏ రాజు పేరు మీదనో, ఏ దేవత పేరు మీదనో వెలసిన పల్లె అని తోస్తుంది. చివర పురశబ్దం ఉన్నది గనుక ఆ భ్రమ సహజమే. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో అండమాను శిక్షాస్థలంలో పనిచేసిన ప్రోతరో అనే ఆంగ్ల సైనికాధికారి పేరుకు మన పురాన్ని అంటుకట్టగా పుట్టిన పేరు అది. దక్షిణ అండమానులో ఇటువంటి పేర్లు ఎన్నో ఉన్నవి. మనిషి ఒక దేశంవాడు, ప్రత్యయం మరొక దేశానిది, నేల మూడవ జాతివారిది. ఈ పల్లెకు ఉత్తరాన ఉన్న పోర్ట్ బ్లెయిర్ నగరం కూడా ఆంగ్ల నావికుని పేరుతోనే చాలా కాలం చలామణి అయినది. 2024లో దానికి శ్రీ విజయపురం అని కొత్త పేరు పెట్టినారు. పాత సెల్యులర్ జైలు 1979లో జాతీయ స్మారక చిహ్నమైనది. జిల్లా కారాగారం మాత్రం నేడు ప్రోతరాపూర్‌లో ఉన్నది.

ఈ పల్లెకు అనతి దూరంలో, నయాషహర్ వద్ద, ధానీఖాడి అనే వాగు ప్రవహిస్తున్నది. దానికి కట్టిన ఆనకట్ట నగరానికి మంచినీరు ఇస్తున్నది. ఆ వాగు పేరుతోనే భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థవారి ప్రయోగోద్యానం ఒకటి అక్కడ నెలకొన్నది. 1890లో స్థాపితమై 1954లో పునర్వ్యవస్థీకరణ పొందిన ఆ సంస్థ, 1972లో అండమాను నికోబారు దీవులకు ప్రత్యేకంగా ఒక ప్రాంతీయ కేంద్రాన్ని నెలకొల్పినది. ధానీఖాడి తోట ఆ కేంద్రం అధీనంలోనిది.

వృక్షశాస్త్రోద్యానం అనగానే చదువుకున్నవాని మనస్సులో ఒక అద్దాల మేడ మెదులుతుంది. ఇనుప చట్రాల నడుమ గాజు పలకలు, లోపల వెచ్చని ఆవిరి, ఎక్కడెక్కడి దేశాల నుంచో తెచ్చిన వింత మొక్కలు, ఒక్కొక్క దాని మొదట ఒక చీటీ. అటువంటి ఊహతో ధానీఖాడికి వచ్చిన సందర్శకునికి కొంత ఆశాభంగం కలుగుతుంది. అక్కడ గాజు మేడ అవసరమే లేదు. సంవత్సరంలో ఎక్కువ నెలలు వాన కురిసే ఆ దీవిలో ఆకాశమే తడి కప్పు. ఉన్నవి నీడ పందిళ్లు. వాటి కింద ఫెర్నులు, ఆర్కిడ్లు, లేత పేము మొలకలు. పందిళ్లకు వెలుపల చెట్లు, తాళజాతులు, ఔషధ మొక్కలు. పరదేశపు వింతలేవి అని వెదకిన కంటికి అక్కడ కనిపించేవి ప్రధానంగా ఆ దీవుల సొంత మొక్కలే.

తన అడవి నట్టనడుమ ఉండగా ఆ అడవి మొక్కలకే తోట ఎందుకు కట్టవలసి వచ్చినది? అద్దాల మేడ ఎక్కడ పుట్టినది, ఎవరి కొరకు పుట్టినది, సముద్రాలు దాటి ఈ దీవికి చేరేసరికి దాని పని ఎట్లు తలకిందులైనది అన్న చరిత్రలో దీనికి సమాధానం ఉన్నది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం తెలుగు నేల మీద జరిగినది.

చలిదేశాలవారికి ఉష్ణదేశపు మొక్క ఒక కల. నారింజను, అనాసను చలికాలంలో బ్రతికించుకొనడానికి ఐరోపా ప్రభువులు మొదట వెచ్చని గదులు కట్టించినారు. పందొమ్మిదవ శతాబ్దంలో ఇనుము, గాజు చౌక కావడంతో ఆ గదులు మందిరాలైనవి. ఇంగ్లండులో గాజు మీది పన్ను 1845లో రద్దయినది. క్యూ ఉద్యానంలోని తాళవృక్ష మందిరం 1844కూ 1848కీ నడుమ లేచినది. చాట్స్‌వర్త్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి దక్షిణ అమెరికా మహాకలువను 1849లో పూయించినాడు. ఆ ఆకు ఈనెల అల్లికను గమనించి తాను నేర్చిన నిర్మాణ సూత్రాన్ని 1851 నాటి లండను స్ఫటిక మందిరంలో వాడినాడు. ఒక మొక్కను ఉంచడానికి ఇల్లు కట్టబోయినవారు, ఆ మొక్క నుంచే ఇల్లు కట్టడం నేర్చుకొన్నారన్న మాట.

ఐతే మందిరంలోకి మొక్క రావలెనంటే ముందు సముద్రం దాటవలెను. ఉప్పుగాలికి, మంచినీటి కొరతకు నౌకల మీది మొక్కలలో చాలా భాగం దారిలోనే చచ్చేవి. 1829లో నథానియల్ వార్డ్ అనే లండను వైద్యుడు ఒక చిలుక పురుగు గూటిని మూతవేసిన సీసాలో తడిమట్టిపై ఉంచినాడు. పురుగు సంగతి ఎట్లున్నా, ఆ మట్టిలో ఒక ఫెర్ను, ఒక గడ్డిపోచ తమంతట తామే మొలిచినవి. లోపలి తడి ఆవిరై, గాజుకు తగిలి నీరై, మరల మట్టిలో దిగుతున్నది. బయటి నీటితో పని లేదు. 1833లో ఆయన రెండు గాజు పెట్టెలలో మొక్కలు పెట్టి ఆస్ట్రేలియాకు పంపగా అవి సజీవంగా చేరినవి. అంతటితో ప్రపంచపు వృక్షజాలానికి కాళ్లు వచ్చినవి. చైనా తేయాకు హిమాలయాలకు వచ్చినది ఇటువంటి పెట్టెలలోనే. 1876లో బ్రెజిలు నుంచి క్యూకు చేరిన రబ్బరు విత్తనాలు అక్కడి గాజు గదులలో మొలకెత్తగా, 1,919 మొలకలను 38 పెట్టెలలో సింహళానికి పంపినారు. ఆసియాలోని రబ్బరు తోటలకు మూలం అది.

కనుక అద్దాల మేడ కేవలం వినోదస్థలం కాదని గ్రహించవలెను. ముందు భాగంలో వింత పూలు చూచి మురిసే జనం. వెనుక గదిలో ఒక ఖండపు సంపదను మరొక ఖండానికి తరలించే లెక్కలు. ఒక దేశపు అడవి మొక్క మరొక దేశంలో కూలీల చేతుల మీద తోటపంట కావడానికి దారి ఆ గాజు గదుల గుండానే పోయినది.

వార్డ్ పెట్టెకు అర్ధశతాబ్దం ముందే, గాజు లేకుండానే, ఈ పని గోదావరి సీమలో ప్రారంభమైనది. డెన్మార్కువారి తరంగంబాడికి 1768లో వచ్చిన కోనిగ్ అనే వైద్యుడు లిన్నేయసు మహాశయుని శిష్యుడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో వృక్షశాస్త్రజ్ఞుడై దక్షిణ దేశమంతా తిరిగి, 1785లో కాకినాడ చెంత జగన్నాథపురంలో కన్నుమూసినాడు. ఆయన అవసానకాలంలో చికిత్స చేసినవాడు విలియం రాక్స్‌బరో. ఈ స్కాట్లండు వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చి, కంపెనీ సైన్యానికి వైద్యం చేస్తూ, తీరిక వేళలలో ఒక తోట వేసినాడు.

సామర్లకోట అనగానే తెలుగువారికి చాళుక్య భీమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. ఆ ఆలయానికి కూతవేటు దూరపు సీమలో కాఫీ, దాల్చిన, జాజి, పనస వంటి కాయ కాసే సీమపనస, పట్టుపురుగుకు మేతయైన మల్బరీ మొదలైన మొక్కలను ఆ రోజులలోనే నాటి చూచినారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. రాజమహేంద్రవరపు కొండలలో దొరికిన మిరియపు తీగను కూడా ఆయన తెచ్చి పెంచినాడు. నీలిమందు చేసే విధానాలను, గోదావరి రైతుల చెరకు సేద్యాన్ని శ్రద్ధగా పరిశీలించి వ్రాసినాడు. ప్రతిదినం ఉష్ణోగ్రతను, గాలిని, వానను గుర్తించినాడు. స్థానిక చిత్రకారులను నియమించి మొక్కల బొమ్మలు వ్రాయించినాడు. ఆ బొమ్మలే 1795కూ 1820కీ నడుమ మూడు సంపుటాలుగా, 300 చిత్రఫలకాలతో లండనులో వెలువడిన కోరమండల తీర వృక్షగ్రంథానికి ఆధారం. చిత్రకారుల పేర్లు ఆ గ్రంథంలో మనకు దొరకవు. మొక్కల తెలుగు పేర్లు మాత్రం అనేకం దొరుకుతవి.

ఆ పేర్లలో ఒకటి శాస్త్రంలోనే స్థిరపడినది. మన అడవులలోని సోమిద చెట్టు బెరడు చేదుగా ఉండి జ్వరానికి మందుగా వాడుకలో ఉన్నది. దక్షిణ అమెరికా సింకోనాకు బదులుగా ఈ బెరడు పనికివస్తుందని రాక్స్‌బరో ఆశించినాడు. ఆ ఆశ పూర్తిగా ఫలించలేదు గాని, తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అని నామకరణం చేసినారు. ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడైనా ఆ చెట్టును పిలువవలసి వస్తే, తెలియకుండానే ఒక తెలుగు మాట పలుకుతాడు.

సామర్లకోట తోట వెనుక లాభాపేక్షతో పాటు మరొక కారణం కూడా ఉన్నది. 1789 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులను ఘోరమైన కరువు పీడించినది. చచ్చినవారి పుర్రెలు దారుల వెంట కుప్పలుగా ఉండడం చేత దానికి పుర్రెల కరువు అనే పేరు వచ్చినది. వాన తప్పినా కాయ తప్పని చెట్లను, అనగా కొబ్బరి, తాడి, ఈత, అరటి, పనస, సీమపనస, సగ్గు వంటివాటిని, విస్తారంగా నాటించవలెనని రాక్స్‌బరో కంపెనీవారికి వ్రాసినాడు. కలకత్తా ఉద్యానాన్ని 1786లో ప్రతిపాదించి 1787లో స్థాపించిన రాబర్ట్ కిడ్ కూడా, అరుదైన మొక్కలను వింత కొరకు పోగుచేయడం తన ఉద్దేశం కాదని, ప్రజల క్షామనివారణకు, దేశపు వ్యాపారానికి పనికివచ్చే మొక్కలను వ్యాపింపజేయడమే ఉద్దేశమని విన్నవించినాడు. ఆ మాటలలో కరుణ ఎంత, వర్తకం ఎంత అని విడదీయడం కష్టం. రెండూ ఒకే పాదులో పెరిగినవి.

1793లో కిడ్ మరణించిన తరువాత రాక్స్‌బరో కలకత్తా ఉద్యానానికి అధిపతియై వెళ్లినాడు. 1813 వరకు అక్కడ పనిచేసినాడు. రెండున్నర వేలకు మించిన వర్ణచిత్రాలు వ్రాయించినాడు. 1814లో విలియం కేరీ ప్రకటించిన ఆ తోట జాబితాలో సుమారు 3,500 రకాల మొక్కలున్నవి. ఆయన కలకత్తా చేరిననాటికి కంపెనీవారు అండమానులలో తొలి వలసను నడుపుతున్నారు. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో చాతం ద్వీపంలో దానిని స్థాపించినాడు; 1792లో ఉత్తర అండమానుకు మార్చినారు; జ్వరాలకు తట్టుకోలేక 1796లో ఎత్తివేసినారు. మనుష్యులు నిలువలేని ఆ దీవి నుంచి ఒక మహావృక్షం మాత్రం శాస్త్రప్రపంచానికి పరిచయమైనది. అదే పడాక్.

అండమాను పడాక్ కలప ఎర్రనిది, గట్టిది, చెదలకు లొంగనిది. నేడు అది ఆ కేంద్రపాలిత ప్రాంతపు అధికార వృక్షం. దాని శాస్త్రనామం టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్. రాక్స్‌బరో తన భారత వృక్షజాల గ్రంథంలో దానిని వర్ణించినాడు. శేషాచలపు ఎర్రచందనమూ అదే టెరోకార్పస్ ప్రజాతికి చెందినది. తెలుగు కొండలలోని వేగిస కూడా అదే ప్రజాతి. వేగిసకు శాస్త్రనామం ఇచ్చినది కూడా రాక్స్‌బరో కోరమండల గ్రంథమే. కనుక బంగాళాఖాతానికి ఆవల నిలిచిన పడాక్ తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. తిరుమల కొండల ఎర్రచందనానికి అది దూరపు తోబుట్టువు.

రెండవ వలస వేరు తీరుగా జరిగినది. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత, 1858 మార్చి 10న జె. పి. వాకర్ అనే అధికారి రెండువందల మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్‌లో దిగినాడు. ఖైదీలకు అప్పగించిన మొదటి పని అడవిని నరకడం. నరికిన చోట వరి, కూరగాయలు, పండ్ల చెట్లు. ఇంతకుముందు ఏ సేద్యమూ ఎరుగక, వేటతో, చేపలతో, అడవి దుంపలతో జీవించే అండమానీయుల నేల మీద ఆ విధంగా పరదేశపు విత్తనం పడినది. తేయాకును, కాఫీని, కోకోను సైతం ప్రభుత్వంవారు అక్కడ నాటి చూచినారు.

1866లో కలకత్తా వృక్షసంగ్రహాలయ పాలకుడు సుల్పిజ్ కుర్జ్ ఆ దీవులను పరిశీలించడానికి వచ్చినాడు. బవేరియాలో పుట్టి, జావాలోని బోగోరు ఉద్యానంలో మారుపేరుతో పనిచేసి, ఆ తరువాత కలకత్తా చేరిన మనిషి అతడు. అండమానుల వృక్షసంపదపై అతని నివేదిక 1867లో వెలువడినది. 1870లో మరల అచ్చయినది. ఆ దీవుల అడవికి తొలి సమగ్ర వర్ణన అదే. రాక్స్‌బరో ఏ మొక్కను ఎక్కడికి తీసుకొనిపోతే పెరుగుతుందని అడిగినాడు. కుర్జ్ ఈ మొక్క ఇక్కడనే ఎందుకు ఉన్నదని అడిగినాడు. అండమాను అడవి భారతదేశపు అడవి కన్న బర్మా అడవికి ఎక్కువ దగ్గర అని, నికోబారు మరల మలయ ద్వీపాల వైపు మొగ్గుతున్నదని ఆ తరువాతి పరిశీలనలు స్థిరపరచినవి. కుర్జ్ 1878లో పినాంగులో మరణించినాడు. నేడు ఆ దీవుల అధికార పుష్పమైన పైన్మాకు శాస్త్రనామం పెట్టినది అతడే.

ఆ కాలపు పరిశీలకులను ఒక విషయం ఆశ్చర్యపరచినది. ఉత్తరాన కోకో దీవులలోను, దక్షిణాన నికోబారులోను పుష్కలంగా ఉన్న కొబ్బరి, నడుమనున్న అండమానులలో సహజంగా కానరాదు. అండమాను తీరమంతా నేడు పరచుకొన్న కొబ్బరి తోపులు చాలవరకు ఖైదీల చేతి నాటులు, వారి తరువాత వచ్చినవారి నాటులు. ఆ చెట్టే అక్కడ శిక్షకు పనిముట్టు కూడా ఐనది. సెల్యులర్ జైలులో రాజకీయ ఖైదీలను ఎద్దులకు బదులుగా గానుగకు కట్టి, దినానికి 30 పౌనుల కొబ్బరినూనె తీయవలెనని నియమం పెట్టినారని వారి జ్ఞాపకాల వలన తెలుస్తున్నది. పీచు దంచడం మరొక శిక్ష. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర వంటి తెలుగు గిరిజన వీరులు కూడా ఆ దీవికి ప్రవాస ఖైదీలుగా పోయినారు. చెట్టును దాని నేల నుంచి, మనిషిని అతని ఊరి నుంచి పెకలించి ఒక చోట చేర్చిన పాలన ఒకటే.

పరదేశం నుంచి వచ్చినదల్లా కీడు అనుకొనడం కూడా సరికాదు. కొబ్బరి నేడు ఆ దీవుల జీవనాధారం. కాని వచ్చినవాటిలో అన్నీ అటువంటివి కావు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగంలో వేట సరదా కొరకు తెచ్చి విడిచిన చుక్కల జింకలకు అక్కడ పులి లేదు, చిరుత లేదు. అవి పెరిగి పెరిగి లేత మొలకలను మేసివేయడం చేత అడవి తనను తాను తిరిగి నింపుకొనలేకపోతున్నది. 1942 నుంచి 1945 వరకు జపానువారి ఆక్రమణకాలంలో వచ్చిన ఆఫ్రికా పెద్దనత్త తోటలను తినివేస్తున్నది. పెద్ద భూఖండంలో ఒక కొత్త జీవి వచ్చినా దానిని అదుపు చేసే మరొక జీవి ఎక్కడనో ఉంటుంది. దీవిలో ఆ ఆసరా తక్కువ. అండమాను నికోబారులలో పూచే మొక్కలు సుమారు 2,500 జాతులున్నవి. వాటిలో పదవవంతుకు పైగా ప్రపంచంలో మరెక్కడా లేనివి. అవి అక్కడ నశిస్తే భూమి మీదనే నశించినట్లు.

స్వాతంత్ర్యానంతరం దీవికి వచ్చిన శాస్త్రసంస్థలను ఈ సత్యం రెండు దారులలో నడిపించినది. ప్రోతరాపూర్ పొరుగున గారాచర్మలో 1978లో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏర్పడినది. దానికి చేరువలోని సిప్పీఘాట్‌లో పరదేశపు కొబ్బరి రకాలకు ఒక తోట వేసినారు. 1981లో భారతీయ శాస్త్రజ్ఞులు ఫిజీ, టోంగా, సోలమన్ దీవులు, పపువా న్యూగినీ మొదలైన పసిఫిక్ ప్రాంతాలకు పోయి కొబ్బరి రకాలు సేకరించినప్పుడు, వాటిని తిన్నగా కేరళకో కోనసీమకో తీసుకొనిరాలేదు. పరదేశపు కాయతో పాటు పరదేశపు తెగులు వస్తుందన్న భయం. అందుచేత నాలుగు వైపులా సముద్రం గల అండమానులో వాటిని నాటినారు. ఒకప్పుడు మనుష్యులను వేరుచేయడానికి ఎన్నుకొన్న దీవి, ఇప్పుడు మొక్కలను వేరుచేసి పరీక్షించడానికి పనికివచ్చినది. ఆనాడు పాలకులకు చెర అనిపించిన సముద్రం ఇప్పుడు కాపలాగా నిలిచినది.

రెండవ దారి ధానీఖాడిది. అక్కడ నాటినది దీవి సొంత సంతానం. పొడవైన తీగగా చెట్ల మీదికి ఎగబ్రాకే కోర్తాల్సియా రోజర్సీ అనే పేము అండమానులలో తప్ప మరెక్కడా లేదు. అక్కడ కూడా అత్యంత అరుదైనది. సన్నని నిలువెత్తు మానుతో పెరిగే బెంటింకియా తాళవృక్షం నికోబారుది. నల్లని, లేత గోధుమ వన్నెల చారలతో మెరిసే పాలరాతి కలప చెట్టు తునికి వంశానికి చెందినది. అడవి జాజికాయ, అడవి మామిడి ఉన్నవి; మన తోటలలోని జాజికి, మామిడికి ఇవి బంధువులు. పెద్ద కాయ కాసే నికోబారు మొగలి ఉన్నది. ఆ కాయ గుజ్జు నికోబారీయులకు, షోంపెన్‌లకు అన్నంతో సమానం. తేనె తీసేటప్పుడు ఒంగీలు ఏలకి వంశపు ఒక మొక్క ఆకును నమిలి ఆ రసాన్ని ఒంటికి పూసుకొంటారు, తేనెటీగల మీద చల్లుతారు. కుట్టే ఈగ తొలగిపోతుంది. ఏ గ్రంథంలోనూ వ్రాయబడక ముందు వేల ఏండ్లుగా నిలిచిన శాస్త్రం అది.

ఈ మొక్కల పేర్లను గమనించినప్పుడు ఒక లోటు కనబడుతుంది. చీటీ మీది శాస్త్రనామం లాటిను. జనం వాడే పడాక్, పైన్మా అనే పేర్లు బర్మావారివి. కలప పనిలో బర్మీయుల వాడుక నుంచి వచ్చినవి. వేల ఏండ్లుగా ఆ చెట్ల నీడన బ్రతికిన అండమానీయులు పెట్టుకొన్న పేర్లు ఏవి? 1858లో వేల సంఖ్యలో ఉన్న మహా అండమానీయులు, దాడులకు, తెచ్చిపెట్టిన రోగాలకు గురియై, 1961 జనాభా లెక్కలకు 19 మంది మిగిలినారు. వారి భాషలలో ఒకటైన బో భాషను మాట్లాడిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించినది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి వంటివారు ఆ భాషాకుటుంబపు మాటలను కొంతవరకు పోగుచేసి నిఘంటువుగా నిలిపినారు. సోమిద అనే తెలుగు మాట శాస్త్రంలో నిలిచినది. ఎందుకంటే ఆ మాట పలికే ప్రజలు నిలిచినారు. మొక్కను కుండీలో పెట్టి కాపాడవచ్చును. పేరును అట్లు కాపాడడం సాధ్యం కాదు. దానికి పలికే నోరు కావలెను.

తోట శక్తికి కూడా హద్దు ఉన్నది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో దక్షిణ అండమాను నేల సుమారు ఒక మీటరు లోతుకు కుంగినది. సునామీ తరంగం తీసిపోయినా, కుంగిన నేల మీదికి వచ్చిన సముద్రపు పోటు పోలేదు. సిప్పీఘాట్ ప్రాంతంలో వరి పండిన పొలాలు ఉప్పునీటి మడుగులైనవి. ఏ కంచె, ఏ పందిరి ఆపలేని మార్పు అది. మనుష్యులు నిర్ణయించి చేసే మార్పు వేరు. మహా నికోబారులో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం నిర్మించడానికి 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని మళ్లించే ప్రతిపాదనకు 2022లో ప్రాథమిక అనుమతి లభించినది. నష్టపరిహారంగా వేయదలచిన వనం హర్యానాలో అని ప్రకటించినారు. అక్కడ చెట్లు పెరగవచ్చును, మేలే. కాని మహా నికోబారు తాళవృక్షానికి, చెట్టంత ఎత్తు ఎదిగే ఆ దీవి ఫెర్నుకు ఆరావళీ పర్వతాల ఎండలో చోటు ఎక్కడ? చెట్టుకు చెట్టు సరి అన్న లెక్క పాత గాజు మందిరాల కాలపు లెక్క. ఏ చెట్టు, ఏ నేల అన్న ప్రశ్న దానిలో లేదు.

అట్లని ధానీఖాడి వంటి తోట వ్యర్థమనరాదు. అడవిలో పది మొక్కలు మిగిలిన జాతికి అక్కడ మరి పది మొక్కలు చేరితే, విత్తనం మొలిచే విధం తెలుస్తుంది. తెలిసినది రేపు అడవికి తిరిగి ఇవ్వవచ్చును. ఐరోపా అద్దాల మేడ పరదేశపు మొక్కను తెచ్చి చూపినది. ఈ తోట ఉన్న చోటనే ఉన్నదానిని కాపాడి చూపుతున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాను నికోబారులలో నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి పని కొరకు, చేపల వేట కొరకు పోయినవారు, వారి సంతానం. వారి పెరళ్లలో కరివేపాకు, మునగ, గోంగూర కనబడటం వింత కాదు. అవి కూడా ఆ దీవికి పరదేశపు మొక్కలే. మనిషి కూరతో పాటు కూరమొక్కను, పాటతో పాటు పూలమొక్కను వెంట తీసుకొనిపోతాడు. దానిని తప్పుపట్టగలవారు లేరు. ఐతే వచ్చి స్థిరపడినవానికి ఒక ధర్మం ఉన్నది. తన పెరటిలోని మునగను ఎరిగినట్లే, పెరటి వెనుక అడవిలోని చెట్టును కూడా ఎరగవలెను.

ప్రోతరాపూర్ నుంచి ఆ తోటకు పోయే తెలుగు సందర్శకునికి ఆ పరిచయం పడాక్ దగ్గర ప్రారంభం కావచ్చును. దాని శాస్త్రనామం చివర సంక్షిప్తాక్షరాలలో రాక్స్‌బరో పేరు ఉంటుంది. సామర్లకోటలో తెలుగు మొక్కలకు తెలుగు పేర్లు అడిగి వ్రాసుకొన్న ఆ మనిషి, పడాక్‌ను అండమానీయులు ఏమని పిలిచేవారో అడిగి తెలుసుకొనే అవకాశానికి చాలా దూరంలో, కలకత్తాలో కూర్చుండి దానిని వర్ణించినాడు. ఆ చెట్టు ఎదుట నిలిచినవానికి ఎర్రచందనపు బంధుత్వమూ గుర్తుకు రావలెను, చీటీ మీద లేని ఆ పేరూ గుర్తుకు రావలెను.